జపాను కాగితంలో పచ్చబొట్టు

పెద్ద వరద వచ్చి నలభై ఏడేళ్ళయిన సంవత్సరం అది. కాసాయి నది పొంగి పట్టాల కింది మట్టిని ఊడ్చుకుపోయిన ఆ వరద నుంచే సింహాచలం ఏళ్ళు లెక్కపెడతాడు. తను రైల్వే వర్క్‌షాపులో చేరింది వరదకు ముందటేడు. పలాస దగ్గరి పల్లె నుంచి రత్నాన్ని పెళ్ళాడి బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెచ్చుకున్నది వరద తరవాతి ఏడు. జపాను ఆవిడ ఆ ఊరి ఖరిదా పేటలో అతని ఇంటి గడప తొక్కింది నలభై ఏడో ఏడు, భాద్రపదమాసం, ఒక ఆదివారం పొద్దున.

సింహాచలానికి మాటలు తక్కువ. ముప్పై తొమ్మిదేళ్ళు కమ్మరి షాపులో పెద్ద సుత్తి దగ్గర పనిచేశాడు. అక్కడ సుత్తి పడుతుంటే పక్కవాడి అరుపు కూడా వినబడదు. వేలెత్తితే దెబ్బ వెయ్యమని, అరచెయ్యి చూపితే ఆపమని. ఇంటికి వచ్చాక కూడా అదే అలవాటు. కూర బాగుంటే తలాడిస్తాడు, బాగోకపోతే మంచినీళ్ళు తాగుతాడు. "మా మావ నోరు వర్క్‌షాపులో అప్పగించీసి ఇంటికొచ్చినాడు" అని రత్నం వీధిలో అందరికీ చెబుతుంది.

వాళ్ళ దగ్గర పెరిగిన మనవరాలు హరిచందన. కొడుకు బెంగాల్‌లోనే ఆద్రా జంక్షన్‌లో రైల్వే ఉద్యోగి. పిల్లను మాత్రం చదువు కోసం ఖరగ్‌పూర్‌లోనే ఉంచేశాడు. పిల్ల నర్సింగు చదివింది. ఆ తరవాత ఏడాదిన్నర లోకల్ ట్రైన్‌లో కోల్‌కతా తిరిగి జపాను భాష నేర్చుకుంది. ఆ దేశంలో ముసలివాళ్ళు ఎక్కువట, వాళ్ళను చూసుకునే చేతులు తక్కువట. అక్కడి వృద్ధుల ఆశ్రమం ఒకటి ఈ పిల్లను తీసుకోడానికి ఒప్పుకుంది. పరీక్ష అయిపోయింది. ఆశ్రమం తరఫున ఒక పెద్దావిడ వచ్చి ఇంటివాళ్ళను చూసి, వాళ్ళ ఇష్టం కనుక్కుని వెళ్ళడమే మిగిలింది.

చిక్కంతా హరిచందన ఎడమ చేతి మీద, మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన ఉన్న తేలుతో వచ్చింది.

ఎనిమిదేళ్ళ వయసులో పొడిపించారు. వేసవి సెలవులకు పల్లె వెళ్ళినప్పుడు పచ్చబొట్లు పొడిచే ఆమె వీధిలోకి వస్తే, రత్నం పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకుంది. తేలు పొడిపించుకుంటే తేలు కుట్టినా విషం ఎక్కదని పల్లెలో నమ్మకం. అంతకన్నా పెద్ద నమ్మకం ఇంకొకటి. మనిషి పోయాక నగలు ఒలుచుకుంటారు, బట్ట కాలిపోతుంది, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుంది. అది లేనిదాన్ని పైలోకంలో సొంతవాళ్ళు కూడా గుర్తుపట్టరు. పిల్ల ఏడుస్తుంటే రెండో చెయ్యి పట్టుకుని కూచున్నది సింహాచలమే.

ఆశ్రమం వాళ్ళు పంపిన కాగితంలో ఒక ప్రశ్న ఉంది. ఒంటి మీద పచ్చబొట్టు ఉందా, లేదా? మిగతా ప్రశ్నలన్నీ పిల్ల పైకి చదివి, తెలుగులో చెప్పి మరీ నింపింది. దీని దగ్గర గొంతు తగ్గించింది. 'లేదు' అన్నచోట టిక్కు పెట్టింది. సింహాచలం తలెత్తి చూశాడు.

"నువ్వు సూడనేదు తాతా" అంది పిల్ల, కాగితం మడుస్తూ. "మా క్లాసులో సారు చెప్పినారు. అక్కడ పచ్చబొట్టంటే రౌడీలు పొడిపించుకునేదట. ఉందంటే ఫైలు పక్కన పడేస్తారట."

అతను చూశాడు.

ఆవిడ వచ్చే రోజు దగ్గరపడేసరికి హరిచందనకు ఇంకో భయం పట్టుకుంది. తన తేలు చొక్కా చేతుల కింద దాగుతుంది. మరి మామ్మ? రత్నం రెండు చేతులూ మోచేతుల దాకా పచ్చగా ఉంటాయి. చుక్కల వరసలు, ముగ్గు గళ్ళు, తేళ్ళు, వేళ్ళ కణుపుల మీద కూడా చుక్కలు.

"ఆవిడున్నంతసేపూ నువ్వు వంటింట్లోంచి రాకు మామ్మా."

"సుట్టం ఇంటికొస్తే ఇల్లాలు వంటింట్లో దాక్కుంటాదేటే? సిగ్గు నేదేటి?"

"అయితే చేతులు కప్పుకో."

"ఏటేసి కప్పుకోను, దుప్పటా?"

వెతగ్గా వెతగ్గా కనబడినది, రైల్వే వాళ్ళు సింహాచలానికి చలికాలానికి ఇచ్చిన ఉన్నికోటు. నల్లది, మందపాటిది, ఇత్తడి బొత్తాలది. చేతులు వేలికొసల దాకా వస్తాయి. ఆదివారం పొద్దున్న సింహాచలమే పెట్టెలోంచి తీసి దులిపి ఇచ్చాడు. భాద్రపదం ఎండ, వాన వెలిసిన ఉక్క. చీర మీద ఆ కోటు తొడుక్కుని రత్నం గుమ్మంలో నిలబడింది. పక్కింటి గంగాభవాని కిటికీలోంచి చూడనే చూసింది.

"ఏటే రత్నం, కోటేటే? జపానోలు మంచు కూడా ఎంటబెట్టుకొస్తున్నారేటి?"

"నీకేటే! నాకు సలేస్తంది."

"సలేస్తే ఆ సెమటేటే?"

రత్నం కిటికీ రెక్క దభీమని వేసింది.

పదింటికి టోటో, అదే బ్యాటరీ రిక్షా, వచ్చి ఆగింది. దిగిన ఆవిడ పొట్టిగా, తెల్లజుట్టుతో, అరవై దాటిన మనిషి. పేరు హిగా. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, వాటి మొహాలు వీధివైపు తిప్పి, జత కలిపి పెట్టింది. సింహాచలానికి ఆ పని నచ్చింది. షాపులో పనిముట్లు అలాగే పెట్టేవాళ్ళు.

"నొమొష్కార్ దాదా. నొమొష్కార్ దీదీ" అంది ఆవిడ.

హరిచందన నోరు తెరిచింది. ఆవిడ మాట్లాడింది బెంగాలీ! వయసులో ఉండగా మూడేళ్ళు కోల్‌కతా ఆసుపత్రిలో నర్సుగా చేసిందట. మాట నిదానం గాని తప్పుల్లేవు. ఖరగ్‌పూర్‌లో ముసలైన తెలుగువాళ్ళకు బెంగాలీ రాకుండా ఎలా ఉంటుంది? మనవరాలు మధ్యలో ఉండి తిప్పి చెప్పవలసిన పని లేకుండా పోయింది. ఏది చెప్పాలో ఏది దాచాలో చూసుకునే వీలు కూడా పోయింది.

టీ అయింది. హిగా పిల్ల గురించి అడిగింది, ఇంటి గురించి అడిగింది. చూపు మాత్రం ఉండుండి రత్నం మీదికి పోతోంది. రత్నం మొహం మీద చెమట ధార కడుతోంది.

"దీదీకి ఒంట్లో బాగోలేదా?"

"జ్వరం" అంది హరిచందన గబుక్కున. "చలిజ్వరం."

అదీ తప్పు. జ్వరం అన్న మాట వినబడ్డాక నలభై ఏళ్ళుగా నర్సు అయిన మనిషి ఊరుకుంటుందా? హిగా కప్పు కింద పెట్టి లేచింది. రత్నం పక్కన కూచుని చెయ్యి అందుకుంది. నాడి దొరకాలి కదా, కోటు చెయ్యి పైకి తోసింది.

మణికట్టు బయటపడింది. ఆ పైన చుక్కలు, ఆ పైన గళ్ళు. హిగా ఇంకొంచెం తోసింది. మోచేతి దాకా అంతా పచ్చ.

హరిచందన మొహం బూడిదలా అయింది. సింహాచలం అరచెయ్యి తనకు తెలియకుండానే లేచింది, ఆపు అన్నట్టు.

హిగా వేళ్ళు నాడిని వదిలేశాయి. చుక్క వెంబడి చుక్కను తాకుతూ రత్నం చేతి మీద నడిచాయి. అమ్మ మెడలో పూసలు లెక్కపెట్టే పసిపిల్లలా, ఒక్కటీ వదలకుండా. కణుపుల దగ్గరికి వచ్చి ఆగాయి. అప్పుడు ఆవిడ తల వంచి, రత్నం చేతి వెనక్కి నుదురు ఆనించింది. చాలాసేపు ఎత్తలేదు.

"ఓలమ్మో, అదేటమ్మా! లెగండమ్మా, పెద్దోలు!" రత్నం కంగారుపడి తెలుగులోనే అనేసింది.

హిగా తల ఎత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి. సంచిలోంచి ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. పాత ఫోటో. ఒక ముసలమ్మ చాప మీద కూచుని ఉంది. చేతులు రెండూ దుస్తుల మడతల్లో దూర్చేసుకుంది.

"మా అమ్మ అమ్మమ్మ" అంది హిగా. "ఎన్ని ఫోటోలు చూసినా చేతులు ఇలా దాగే ఉంటాయి. మా అమ్మ చిన్నప్పుడు చూసింది. గుర్తున్నంత మేరకు గీసి పెట్టింది, చూడండి."

వేలితో తోస్తే ఇంకో బొమ్మ వచ్చింది. పెన్సిలుతో గీసిన రెండు చేతులు. మణికట్టు మీద గుండ్రాలు, చేతి వెనక చదరం, వేళ్ళ పొడుగునా బాణం ములుకుల్లాంటి గీతలు, కణుపుల మీద చుక్కలు.

రత్నం తన చెయ్యి తీసుకెళ్ళి ఫోను పక్కన పెట్టింది. ఒక్కలా లేవు. అయినా అక్కాచెల్లెళ్ళ మొహాల్లా ఉన్నాయి.

"మాది జపానుకు దక్షిణాన, సముద్రంలో ఒకినావా దీవులు, ఆశ్రమం కూడా అక్కడే" అని చెప్పింది హిగా. "ఒకప్పుడు మా ఆడవాళ్ళందరికీ ఇవి ఉండేవి. ఇవి లేకపోతే పోయాక పైలోకంలోకి రానివ్వరని అనుకునేవాళ్ళు."

రత్నం నోటి మీద చెయ్యి వేసుకుంది. "మావా, ఇన్నావేటి? మావోలు సెప్పిందే సెప్తంది! సముద్రం అవతల మడిసి!"

సింహాచలానికి ఒళ్ళు జలదరించింది. ముప్పై తొమ్మిదేళ్ళు ఎర్రటి ఇనుము చూశాడు, ఎన్నడూ ఇలా కాలేదు. పలాస దగ్గరి పల్లెలో దీపం మసీ ఆకుపసరూ కలిపి పొడిచిన చుక్క ఎక్కడ, పేరైనా తెలియని దీవిలో పొడిచిన చుక్క ఎక్కడ. వాళ్ళు వీళ్ళను చూడలేదు. వీళ్ళు వాళ్ళను వినలేదు. మధ్యన అంత నీరు. అయినా ఆ ఒడ్డున ఒక ఆడమనిషి, ఈ ఒడ్డున ఒక ఆడమనిషి, చావు గురించి ఒకే మాట అనుకుని, ఒకే నొప్పి పడి, ఒకేలా చెయ్యి చాపారు. ఎవరు చెప్పారు వీళ్ళకు?

"మరెందుకు దాసుకుంది ఆ తల్లి?" అడిగింది రత్నం.

"నూట పాతికేళ్ళ కిందట సర్కారు వద్దంది. అనాగరికం అంది. పొడిపించుకుంటే శిక్ష. బళ్ళో పిల్లల చేతులు చూసి తిట్టేవాళ్ళు. జపాను పెద్ద దీవుల్లో సంగతి వేరే. అక్కడ వెనకటి రోజుల్లో దొంగల చేతుల మీద గుర్తుగా పొడిచేవాళ్ళు. ఆ తరవాత రౌడీ ముఠాలవాళ్ళు వీపంతా పొడిపించుకున్నారు. అందుకే ఇవాళ్టికీ పచ్చబొట్టు చూస్తే చాలామంది జడుస్తారు. మా ముసలమ్మ చచ్చేదాకా సిగ్గుపడింది. పైలోకానికి దారి అనుకున్నదాన్ని పట్టుకుని ముప్పొద్దులా దాచుకుంది."

ఆ మాటకు సింహాచలం మనవరాలి వైపు చూశాడు. పిల్ల ఎడమ చెయ్యి కుడి చేతి కింద పెట్టుకుని, మణికట్టు మీద చొక్కా బొత్తాం తడుముకుంటోంది. సరిగ్గా ఫోటోలో ముసలమ్మ కూచున్నట్టు.

చెబితే ఏడాదిన్నర చదువు గంగలో కలవచ్చు. చెప్పకపోతే పిల్ల అక్కడ ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళు ఇలాగే కూచోవాలి. గొంతు సవరించుకున్నాడు. రత్నం ఉలిక్కిపడి చూసింది.

"అమ్మా" అన్నాడు హిగాతో, బెంగాలీలోనే. "ఈ గుంట సేతికీ పచ్చబొట్టుంది. కాయితంలో నేదని రాసింది. నాను సూసినాను. సూసి ఊరుకున్నాను. తప్పు నాది కూడాను."

"తాతా!" హరిచందన లేచి నిలబడిపోయింది. "ఏడాదిన్నర! తెల్లారి నాలుగింటి ట్రైన్లు! నోరు తెరవని మనిషివి, ఇయ్యాలే తెరవాలా?"

హిగా మొహంలో తడి ఆరిపోయింది. ఎదుట కూచున్నది ఇప్పుడు ఉద్యోగం చూడ్డానికి వచ్చిన మనిషి.

"కూచో" అంది. పిల్ల కూచుంది. "మా ఆశ్రమంలో నీ మొదటి పని ఏమిటి?"

"పెద్దవాళ్ళకు స్నానం చేయించడం."

"స్నానాల గదిలో చొక్కా చేతులు మడవకుండా చేయిస్తావా? మొదటి రోజే బయటపడేది. అప్పుడు నేను తేలు గురించి అడగను, అబద్ధం గురించి అడుగుతాను. మాకు నీళ్ళలో దిగడం అంటే చిన్న సంగతి కాదు. అందరం బట్టలు విప్పి ఒకే తొట్టిలో కూచుంటాం. పక్కన ఉన్నవాళ్ళ మీద నమ్మకం ఉండాలి. అందుకే చాలా స్నానశాలల్లో పచ్చబొట్టు ఉన్నవాళ్ళను రానివ్వరు. దేశం చూడ్డానికి వచ్చినవాళ్ళనైనా అంతే. ఇప్పుడిప్పుడే కొన్నిచోట్ల ఒప్పుకుంటున్నారు. కొన్నిచోట్ల చర్మం రంగు పట్టీ అంటించుకు రమ్మంటారు. ముందుగా అడగాలి. వద్దంటే తల వంచి వచ్చెయ్యాలి, వాదించకూడదు. దాచి మాత్రం దిగకూడదు. ఏదీ, చూపించు."

హరిచందన బొత్తాం విప్పింది. హిగా కళ్ళజోడు పెట్టుకుని వంగింది.

"ఏమిటిది?"

"తేలు."

"కాళ్ళు ఏడే ఉన్నాయి."

"అదా! ఎనిమిదోది పెట్టీలోగా ఏడిసి సెయ్యి నాగీసుకుందమ్మా" అంది రత్నం. "కుంటి తేలు."

హిగా నవ్వు ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయింది. కాని మాట మాత్రం మెత్తబడలేదు. "నాకు ఇష్టమైతే చాలదు. నీ చేతుల్లో నీళ్ళలోకి దిగేది వాళ్ళు. వాళ్ళను అడగాలి. అబద్ధం రాసిందని కూడా చెబుతాను." మామ్మ చెయ్యి, మనవరాలి చెయ్యి పక్కపక్కన పెట్టించి ఫోటో తీసి పంపింది. ఇక్కడ పదకొండున్నర. అక్కడ మధ్యాహ్నం మూడు, అందరూ టీకి హాల్లో చేరే వేళట.

ఇంక కాచుకోవడం. రత్నం కోటు విప్పి మూల పడేసి, పొట్టి రవిక చేతులతోనే వంటింట్లో చేపల పులుసు కాచింది. హిగా గుమ్మంలో కూచుని చూస్తోంది. హరిచందన తాత వైపు తిరగలేదు. మంచినీళ్ళు అడిగితే గ్లాసు గట్టు మీద పెట్టి పోయింది. సింహాచలం తన రెండు చేతులూ చూసుకుంటూ కూచున్నాడు. ఎర్రటి ఇనుము మీద వేసిన దెబ్బ వెనక్కి రాదు. మాట కూడా అంతే అనిపించింది. నడుము నొప్పి పుట్టినా లేవలేదు.

పన్నెండు దాటాక ఫోను మోగింది. తెర నిండా ముసలి మొహాలు. చక్రాల కుర్చీల్లో, వరసగా, అందరూ ఒక్కసారి మాట్లాడుతున్నారు. ఒక ముసలమ్మ, ఎండిన ఆకులా ఉంది, ముందుకు వంగి ఏదో అంది.

"ఆవిడకు తొంభై ఆరు. దీదీ చేతులు చూపించమంటోంది" అంది హిగా.

రత్నం పులుసు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని ఎత్తి పట్టింది. అక్కడ ఆ ముసలమ్మ చెయ్యి లేచింది. దాని మీద ఏ చుక్కా లేదు. నెమ్మదిగా వచ్చి తెరను తాకింది. ఇక్కడ ఫోనులో ఆ వేళ్ళు రత్నం వేళ్ళంత పెద్దవై కనబడ్డాయి. ఆవిడ ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది.

ఈసారి హిగా చెప్పలేకపోయింది. హరిచందనే చెప్పింది. "అమ్మమ్మా, అమ్మమ్మా అంటంది మామ్మా."

రత్నం కళ్ళమ్మట బొటబొట నీళ్ళు. "ఉన్నానమ్మా, ఉన్నాను" అంది తొంభై ఆరేళ్ళ ఆవిడతో.

సింహాచలం లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియదు. గుళ్ళో హారతి ఇచ్చేటప్పుడు లేచినట్టు లేచాడు.

ఫోను పెట్టేశాక హిగా లెక్క చెప్పింది. ఆశ్రమంలో పదకొండు మంది ఆడవాళ్ళు. తొమ్మిదిమంది రమ్మన్నారు. ఇద్దరు వద్దన్నారు. పెద్ద దీవి నుంచి వచ్చిన ఆవిడ ఒకరు, ఆమె దుకాణాన్ని ఒకప్పుడు పచ్చబొట్ల ముఠా పాడుచేసింది. రెండో ఆవిడ కారణం చెప్పలేదు.

"ఆ ఇద్దరికీ వేరేవాళ్ళు స్నానం చేయిస్తారు. వాళ్ళ మీద మనసులో ఏమీ పెట్టుకోకూడదు నువ్వు. జడిసినవాళ్ళకు జడిసే హక్కు ఉంది."

"పెట్టుకోను" అంది హరిచందన.

"మా ఆశ్రమం పెద్దాయన ముందు ఒప్పుకోలేదు, అబద్ధం అన్న దగ్గర. మీ తాత ఇంట్లోనే, నా ఎదుటే చెప్పాడని చెప్పాను. సరే, ఒక్కసారికి, అన్నాడు. కొత్త కాగితం ఇస్తాను. రేపు నేను బయల్దేరేలోపు, నేను దిగిన హిజ్లీ గెస్ట్‌హౌస్‌కు తెచ్చి ఇవ్వు. దాంట్లో ఉన్నది ఉన్నట్టు రాయి."

ఆవిడ చేపల పులుసుతో రెండుసార్లు అన్నం వడ్డించుకుంది. వెళ్ళేటప్పుడు గంగాభవాని కిటికీకి కూడా నమస్కారం పెట్టింది. గంగాభవాని సిగ్గుపడి రెక్క వేసుకుంది.

ఆ సాయంత్రం హరిచందన తాత ముందు కంచం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పులుసు మిగిలినది బాగుంది. తలాడించాడు.

మర్నాడు పొద్దున్నే అతను లేచేసరికి పిల్ల గుమ్మంలో కూచుని కొత్త కాగితం ముందు పెట్టుకుని ఉంది. 'ఉంది' అన్నచోట టిక్కు పడింది. ఆ కింద గళ్ళు: ఎక్కడ, ఏ బొమ్మ, పొడవు ఎంత, వెడల్పు ఎంత. పిల్ల దగ్గర బళ్ళో వాడిన ప్లాస్టిక్ స్కేలు ఉంది, అంకెలు చెరిగిపోయినది.

సింహాచలం అటక మీది రేకుడబ్బా దించి, వర్క్‌షాపు నాటి ఉక్కు స్కేలు తీశాడు. పంచెతో తుడిచాడు. పిల్ల ఎదుట మెట్టు మీద కూచుని చెయ్యి చాపాడు. పిల్ల ఒక క్షణం చూసి, ఎడమ చెయ్యి అతని చేతిలో పెట్టింది.

తేలు తల దగ్గర స్కేలు మొదలు ఆనించి, వెలుగువైపు తిప్పి, ఒక కన్ను మూసి చూశాడు. నాలుగు సెంటీమీటర్లు, రెండు మిల్లీమీటర్లు. వెడల్పు రెండుసార్లు కొలిచాడు. తరవాత పిల్ల చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ గళ్ళలో అంకెలు తనే వేశాడు.